62 డాలర్ల కేసు: టెక్సాస్ గన్ లైసెన్స్ దగ్గర ఐదేళ్లు ఆగిపోయిన ఒక ఫైల్

గన్ లైసెన్స్ తిరస్కరించిన లెటర్ అందిన 24వ రోజున ఆవిడ నా ఆఫీసుకి వచ్చింది. హియరింగ్ అడగడానికి గడువు 30 రోజులని ఆ లెటర్‌లోనే ఉంది, కాకపోతే అది రెండో పేజీలో ఉంది, ఆవిడేమో మొదటి పేజీ చదవగానే మడిచి డ్రాయర్‌లో పడేసింది. భర్తకి చెప్పలేదు. చెబితే "నేను ముందే అన్నానా, నీకు తుపాకీ ఎందుకని" అంటాడని భయం. లెటర్‌లో ఉన్న విషయం కన్నా ఆ మాటకే ఎక్కువ భయపడినట్టుంది.

ఈ కేసు రాయమని ఆవిడే అంది. ఎవరూ గుర్తుపట్టకుండా ఊళ్లూ తేదీలూ కొన్ని మార్చాను, చట్టం మాత్రం ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను. నేను టెక్సాస్ లాయర్ని, డాలస్‌కి ఉత్తరాన కాలిన్ కౌంటీలో ప్రాక్టీసు. క్లయింట్లలో సగం మనవాళ్లే. గన్ లైసెన్స్ ఫైళ్లు నాకు ఎక్కువ రావు, కానీ వచ్చినవాటిలో ఒకే మాట మళ్లీ మళ్లీ వింటుంటాను: "అది అసలు కేసే కాదు సార్, ఎప్పుడో అయిపోయింది."

అసలు జరిగింది

2019 ఆగస్టు, న్యూజెర్సీ, మిడిల్‌సెక్స్ కౌంటీలో ఒక పెద్ద స్టోర్. సెల్ఫ్ చెకవుట్. బండిలో పాప, బండి కింది అరలో పిల్లల బట్టలు, షాంపూ, ఇంకేవో చిల్లర సామాన్లు. పైన ఉన్నవి స్కాన్ చేసింది, కింద ఉన్నవి చెయ్యలేదు. తలుపు దాటగానే ఆపారు. లెక్క వేస్తే 62 డాలర్లు. నిజంగా మరచిపోయిందా లేదా అని నేను అడగలేదు, ఇప్పటికీ అడగలేదు, నా పనికి అది అవసరం లేదు. పోలీసులు స్టేషన్‌కి తీసుకెళ్లి వేలిముద్రలు తీసుకున్నారు, సమన్లు ఇచ్చి ఆ రాత్రే పంపేశారు. ఈ వేలిముద్రలు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాయి.

అక్కడ ఒక లాయర్‌ని పెట్టుకుంది. ఆయన చెప్పింది ఇది: "న్యూజెర్సీలో ఇది క్రైమ్ కాదు. మున్సిపల్ కోర్టులో ఒప్పేసుకో, ఫైన్ కట్టు, కొన్ని రోజులు కమ్యూనిటీ సర్వీస్ చెయ్, ఇంటికెళ్లు." 2019 నవంబర్ 14న గిల్టీ అని ఒప్పుకుంది. మొదటిసారి షాప్‌లిఫ్టింగ్‌కి అక్కడ కనీసం 10 రోజుల కమ్యూనిటీ సర్వీస్ తప్పనిసరి, అది పూర్తయ్యేసరికి 2020 మార్చి.

ఆ లాయర్ అబద్ధం చెప్పలేదు. ఇది గమనించాలి. న్యూజెర్సీలో 200 డాలర్ల లోపు షాప్‌లిఫ్టింగ్ 'డిజార్డర్లీ పర్సన్స్ అఫెన్స్' కిందికి వస్తుంది, వీటిని రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం క్రైమ్‌గా చూడకూడదని అక్కడి శిక్షాస్మృతిలోనే రాసి ఉంది. జ్యూరీ ఉండదు, గ్రాండ్ జ్యూరీ ఉండదు. కానీ ఆ సెక్షన్ల వరసలోనే ఇంకొకటీ ఉంది: ఈ అఫెన్స్‌కి గరిష్ఠంగా 6 నెలల జైలు, 1,000 డాలర్ల దాకా ఫైన్. ఆవిడకి ఒక్క రోజు కూడా జైలు పడలేదు. పడకపోయినా పడే అవకాశం చట్టంలో ఉంది. మొత్తం కథ ఆ అవకాశం చుట్టూనే తిరుగుతుంది.

2021లో ఫ్రిస్కోకి మారారు. 2022 జూన్‌లో గ్రీన్ కార్డు వచ్చింది. ఆ సమయంలో ఇమిగ్రేషన్ లాయర్ ఈ షాప్‌లిఫ్టింగ్ సంగతి చూశాడు. దొంగతనం నైతిక పతనం కిందికొచ్చే నేరమే అయినా, ఏడాదికి మించి శిక్ష పడే వీలు లేని కేసు ఒక్కటే ఉండి, పడిన జైలు శిక్ష 6 నెలలు దాటకపోతే దాన్ని చిన్న నేరంగా వదిలేసే మినహాయింపు ఒకటుంది. ఆవిడ కేసు అందులో పట్టింది. కాగితాలు పెట్టారు, అడిగినవన్నీ చెప్పారు, గండం గడిచింది. ఇమిగ్రేషనే వదిలేసింది కదా, ఇంకెవరు పట్టించుకుంటారు అని ఆవిడ మనసులో పడిపోయింది. తప్పు పట్టలేను. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఫ్రిస్కోలో ఆవిడ చిన్న వ్యాపారం పెట్టింది. హైదరాబాద్ నుంచి వెండి మీద బంగారు పూత నగలు, కొంచెం అసలు బంగారం కూడా తెప్పించి ఎగ్జిబిషన్లలో అమ్ముతుంది. శనివారం హ్యూస్టన్, ఇంకో వారం ఆస్టిన్, ఒకసారి అల్బుకెర్కీ కూడా. పెట్టెలు కారులో, తిరుగు ప్రయాణం రాత్రి పదకొండుకి, హోటల్ పార్కింగ్‌లో ఒక్కతే. ఒకసారి ఎవరో కారు వెంట రెండు ఎగ్జిట్ల దాకా వచ్చారట. ఆ రాత్రే నిర్ణయించుకుంది.

'నో' అని రాసిన గడి

టెక్సాస్‌లో దీని పేరు లైసెన్స్ టు క్యారీ, అందరూ ఎల్‌టీసీ అంటారు. 1995లో చట్టం వచ్చినప్పుడు ఇది కన్సీల్డ్ హ్యాండ్‌గన్ లైసెన్స్, అంటే బట్టల చాటున దాచి పెట్టుకోవడానికి మాత్రమే. 2016 నుంచి బయటికి కనిపించేలా హోల్‌స్టర్‌లో పెట్టుకోవడం కూడా దీని కిందికే వచ్చింది, పేరు మారింది. ఫీజు 40 డాలర్లు. 4 నుంచి 6 గంటల క్లాసు, రాత పరీక్ష, రేంజ్‌లో 50 రౌండ్లు: 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. మొత్తం 250 మార్కులకి 175 వస్తే పాస్. ఆవిడకి 231 వచ్చాయి, ఆ స్కోర్ షీట్ ఫొటో నాకు మొదటి మీటింగ్‌లోనే చూపించింది, అంత టెన్షన్‌లో కూడా.

2023 మార్చిలో అప్లికేషన్ పెట్టింది. అందులో ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు పెట్టారా, ఏమైంది అని అడిగే చోట ఏమీ లేదని పెట్టింది. క్లాసులో పక్కన కూర్చున్న ఒకాయన అన్నాడట, "వేరే స్టేట్ ట్రాఫిక్ టికెట్లూ అవీ రాయక్కర్లేదు" అని. ఆయన ట్రాఫిక్ టికెట్ గురించి అన్నాడు. ఈవిడ తన కేసుకి అన్వయించుకుంది.

వేలిముద్రలు ఇచ్చింది. అవి ఎఫ్‌బీఐ రికార్డుల్లో వెతికితే 2019 ఆగస్టు రాత్రి ఇచ్చిన వేలిముద్రలు ఎదురొచ్చాయి. మే నెలలో లైసెన్స్ ఇచ్చే రాష్ట్ర ప్రజా భద్రతా శాఖ, అంటే డీపీఎస్ నుంచి తిరస్కరణ లెటర్. కారణం ఒక్క వాక్యం: అప్లికేషన్‌కి ముందు ఐదేళ్లలో క్లాస్ ఎ లేదా క్లాస్ బి మిస్‌డిమీనర్‌కి, లేదా దానికి సమానమైన నేరానికి శిక్ష పడింది.

"క్లాస్ ఎ ఏంటి సార్? 62 డాలర్లకి?" అంది.

ప్రశ్న న్యాయమైనదే. దీనికి జవాబు చెప్పడానికి నాకు ఒక తెల్ల కాగితం, ఇరవై నిమిషాలు పట్టాయి.

టెక్సాస్‌లో మిస్‌డిమీనర్లు, అంటే చిన్న స్థాయి నేరాలు, మూడు మెట్లు. క్లాస్ సి అంటే 500 డాలర్ల దాకా ఫైన్, జైలు ఊసే లేదు. క్లాస్ బి అంటే 180 రోజుల దాకా జైలు. క్లాస్ ఎ అంటే ఏడాది దాకా. ఎల్‌టీసీ చట్టం, అంటే గవర్నమెంట్ కోడ్ 411.172 సెక్షన్, క్లాస్ సి జోలికి పోదు, ఒక్క డిజార్డర్లీ కండక్ట్, అంటే బహిరంగంగా గొడవ చేసే నేరాల సెక్షన్ తప్ప. అది క్లాస్ సి అయినా ఐదేళ్లు ఆపుతుంది. పార్కింగ్ లాట్‌లో అరుచుకుని టికెట్ తెచ్చుకున్నవాళ్లు ఇది చదివి ఉలిక్కిపడతారని తెలుసు, కానీ ఉన్నది అదే. దొంగతనం విషయానికొస్తే టెక్సాస్‌లో 100 డాలర్ల లోపు సొత్తయితే క్లాస్ సి. అంటే ఆవిడ ఇదే సామాను, ఇదే 62 డాలర్లు, ఫ్రిస్కోలో దొరికిపోయి ఉంటే ఫైన్‌తో పోయేది, లైసెన్స్‌కి అడ్డమే ఉండేది కాదు.

కానీ దొరికింది న్యూజెర్సీలో. వేరే రాష్ట్రం నేరాల్ని ఎలా కొలవాలో అదే సెక్షన్‌లో ఒక కొలబద్ద ఉంది. ఫెలనీ, అంటే పెద్ద నేరం, కానిదానికి జైలు శిక్ష వేసే వీలుంటే చాలు, అది ఈ లైసెన్స్ లెక్కలో క్లాస్ ఎ మిస్‌డిమీనర్. సొమ్మెంతో చూడరు, నిజంగా జైలుకి వెళ్లారా అని చూడరు, ఆ రాష్ట్రం దాన్ని క్రైమ్ అంటోందా అనీ చూడరు. న్యూజెర్సీ పుస్తకంలో 6 నెలలు అని ఉంది, అయిపోయింది. అక్కడ 'క్రైమ్ కాదు' అన్నది ఇక్కడ రాష్ట్ర సరిహద్దు దాటేసరికి క్లాస్ ఎ అయి కూర్చుంది. గోటితో పోవాల్సిందానికి గొడ్డలి అంటారు చూడండి, అచ్చంగా అదే.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కేసులో లేకపోయినా మిగతా ఫైళ్లలో పదేపదే కనిపించేది ఇదే. 'కన్విక్షన్', అంటే దోషిగా తేలడం, ఈ మాటకి ఒక్కో చట్టంలో ఒక్కో అర్థం. టెక్సాస్‌లో డిఫర్డ్ అడ్జుడికేషన్ అని ఉంది: ఒప్పుకుంటారు, జడ్జి తీర్పు రాయకుండా ఆపుతాడు, ప్రొబేషన్ సరిగ్గా పూర్తి చేస్తే కేసు కొట్టేస్తారు. లాయర్లు "నీ మీద కన్విక్షన్ లేదు" అంటారు, మామూలు లెక్కలో నిజమే. ఎల్‌టీసీ చట్టంలో మాత్రం డిఫర్డ్ ఆర్డర్ కూడా కన్విక్షన్ కిందే లెక్క, ఇలాంటి మిస్‌డిమీనర్లయితే ఆ ఆర్డర్ తేదీ నుంచి ఐదేళ్లు. ఇమిగ్రేషన్ చట్టంలో కూడా అంతే, గిల్టీ అని ఒప్పుకుని, ఏదో ఒక శిక్షో షరతో పడితే చాలు, తర్వాత కేసు కొట్టేసినా కన్విక్షనే. న్యూజెర్సీ మున్సిపల్ కోర్టుల్లో కండిషనల్ డిస్మిసల్ అని ఒక పద్ధతి ఉంది, 2014 నుంచి, మొదటిసారి దొరికినవాళ్లకి. ఆవిడ దాన్ని ఎందుకు వాడుకోలేదని నేనూ మొదట అనుకున్నాను. కానీ అందులో కూడా ముందు ఒప్పుకోవాలి, వీసా మీద ఉన్నవాళ్లకి అది మరో గోతి. కాబట్టి అప్పటి లాయర్‌ని నేను ఆడిపోసుకోను. ఆయన ముందున్న ప్రశ్న వేరు.

హియరింగ్ అడగాలా వద్దా

ఆరు రోజులు మిగిలాయి. హియరింగ్ అడిగితే అది మన కౌంటీలోని జస్టిస్ కోర్టులో, జస్టిస్ ఆఫ్ ది పీస్ ముందు జరుగుతుంది. ఆవిడకి కొట్లాడాలనుంది. "నాకు అన్యాయం జరిగింది కదా, జడ్జికి చెబుతాను" అంది.

నేను వద్దన్నాను. ఫీజు వచ్చే పనిని వద్దనడం లాయర్‌కి సరదా కాదు, కానీ లెక్క చూడండి. తిరస్కరణ చట్టం ప్రకారం సరైనదే, నవంబర్ 2019 నుంచి మార్చి 2023కి మూడేళ్ల నాలుగు నెలలు. జడ్జికి జాలి కలిగినా ఐదేళ్ల గడువుని తగ్గించే అధికారం లేదు. గెలిచే దారి లేదు. పైగా ఓడిపోవడం ఒక్కటే నష్టం కాదు. ఆ హియరింగ్‌లో ఆవిడ ప్రమాణం చేసి కూర్చుంటే మొదటి ప్రశ్న "అరెస్టు లేదని ఎందుకు రాశారు" అని వస్తుంది. అప్లికేషన్‌లో ముఖ్యమైన విషయం దాచడం, తప్పు చెప్పడం అదే సెక్షన్‌లో విడిగా అనర్హత. ఇంకా గట్టిగా పట్టుకుంటే ప్రభుత్వ రికార్డులో తప్పు రాసిన నేరం దాకా పోవచ్చు. అవతల పౌరసత్వం ఉంది, అక్కడ 'మంచి నడవడి' చూస్తారు. 62 డాలర్లు ఆవిడని దెబ్బ తీయలేదు, ఆ 'నో' తీయగలదు. అసలు భయపడాల్సింది దానికి, ఆవిడ భయపడుతోంది భర్తకి.

భర్తకి చెప్పమన్నాను. రెండు రోజుల తర్వాత ఇద్దరూ వచ్చారు. ఆయన అన్నది ఒక్కటే, "ఇంత జరిగితే నాకు చెప్పలేదేంటి?" తుపాకీ గురించి ఒక్క మాట అనలేదు.

హియరింగ్ అడగకుండా గడువు దాటనిచ్చాం. తిరస్కరణ అలాగే నిలబడిపోయింది. ఫైల్ మీద 'నవంబర్ 14, 2024' అని ఎర్ర ఇంకుతో రాసి పెట్టాను.

రెండో దారి ఒకటుంది, అది కూడా చూశాం. ఎల్‌టీసీ చట్టంలో కన్విక్షన్ అంటే ఏమిటో చెప్పినచోటే, ఎక్స్‌పంజ్ అయినవి (కోర్టు ఆర్డర్‌తో రికార్డు చెరిపించుకున్నవి), క్షమాభిక్ష వచ్చినవి లెక్కలోకి రావని ఉంది. న్యూజెర్సీలో డిజార్డర్లీ పర్సన్స్ కేసుల్ని మామూలుగా ఐదేళ్ల తర్వాత చెరిపించుకోవచ్చు, మూడేళ్లకే అడిగే వీలు కూడా ఉంది, కానీ అది ప్రజాహితానికి మంచిదని జడ్జిని ఒప్పించాలి. లెక్క మొదలయ్యేది కేసు ముగిసిన రోజు కాదు, ఫైను, సర్వీసు, అన్నీ పూర్తయిన ఆఖరి రోజు నుంచి. ఆవిడకి అది 2020 మార్చి, అంటే మూడేళ్లు అప్పుడే దాటాయి. నాకు న్యూజెర్సీలో లైసెన్స్ లేదు, అక్కడి ఒక స్నేహితుడితో మాట్లాడాను. పిటిషన్ వేసి, అందరికీ నోటీసులిచ్చి, ఆర్డర్ తెచ్చుకుని, అది రికార్డుల్లోకి ఎక్కేసరికి ఎలాగూ ఐదేళ్ల తేదీ దగ్గర పడుతుంది, అందులోనూ మూడేళ్ల దారి జడ్జి దయ మీద. ఖర్చు వేరే. ఆవిడ ఆలోచించి ఆగుతానంది. తొందరలో ఉన్న క్లయింట్ అయితే నేను ఆ దారే చెప్పేవాణ్ణి.

లైసెన్స్ ఇవ్వరు, కానీ పెట్టుకోవచ్చు

ఇది విని ఆవిడ నవ్వింది, మొదటిసారి. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్లు దాటి, తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవాళ్లు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ వెంట పెట్టుకోవచ్చు. ఈ చట్టంలో కూడా ఐదేళ్ల అడ్డు ఉంది, కానీ దాని జాబితా పొట్టిది: గాయపరిచిన దాడి, ప్రాణాపాయం కలిగించే ప్రవర్తన, బెదిరింపు, బహిరంగ స్థలంలో తుపాకీ పేల్చడం లేదా భయపెట్టేలా చూపించడం. దొంగతనం అందులో లేదు. ఫెడరల్ చట్టం కూడా అడ్డు రాదు, అక్కడ చూసేది ఏడాదికి మించి శిక్ష పడగల నేరాలు, రాష్ట్రాలు మిస్‌డిమీనర్ అన్నవాటికి రెండేళ్ల దాకా వదిలేస్తారు, ఈవిడది 6 నెలలు. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లకుండే తుపాకీ నిషేధమూ లేదు. అంటే అర్హత లేదని లైసెన్స్ నిరాకరించిన మనిషే అదే తుపాకీని అదే నడుముకి పెట్టుకుని అదే ఫ్రిస్కోలో తిరగొచ్చు. చట్టాలు రాసినవాళ్లు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివినట్టు లేరు.

"మరి లైసెన్స్ ఎందుకన్నా?" అంది. అప్పటికి సార్ పోయి అన్నా వచ్చింది. మూడు కారణాలు చెప్పాను, అందులో ఒకటే ఆవిడకి నిజంగా ముఖ్యం. టెక్సాస్ పర్మిట్‌లెస్ చట్టం టెక్సాస్ గీత దాకే, అల్బుకెర్కీ వెళితే పనికిరాదు, న్యూ మెక్సికో మన ఎల్‌టీసీని గుర్తిస్తుంది. తర్వాత స్కూళ్లు. ఫెడరల్ చట్టం ప్రకారం స్కూలుకి 1,000 అడుగుల లోపు తుపాకీతో వెళ్లకూడదు, రాష్ట్రం విచారించి ఇచ్చిన లైసెన్స్ ఉంటే మినహాయింపు, లేదా ఖాళీ చేసి తాళం వేసిన పెట్టెలో ఉండాలి. ఫ్రిస్కోలో ఏ వీధిలోకి తిరిగినా ఒక స్కూలు తగులుతుంది, పాపని దింపేది ఆవిడే. గ్రీన్ కార్డు మీద ఉన్న మనిషికి ఫెడరల్ గన్ నేరం అంటే జైలు తర్వాత మాట, దేశం నుంచి పంపించేయడానికి అది ఒక్కటే చాలు. మూడోది, ఎల్‌టీసీ ఉంటే తుపాకీ కొనేటప్పుడు ప్రతిసారీ షాపువాళ్లు ఫోన్ చేసి చేసే బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉండదు, అది చిన్న సౌకర్యం.

ఈ రెండో కారణం చెప్పాక ఆవిడ తుపాకీని ఇంట్లో లాకర్‌లోనే పెట్టింది. ఎగ్జిబిషన్‌కి వెళ్లే రోజుల్లో మాత్రం, పాపని దింపి వచ్చాక తీసేది. ఇంత జాగ్రత్త నేను అడగలేదు.

2024 నవంబర్ 18

14 దాటి నాలుగు రోజులాగి పెట్టించాను. చట్టం అడిగేది అప్లికేషన్ తేదీకి ముందు ఐదేళ్లు, కాబట్టి ఒక్క రోజు ముందు నొక్కినా మళ్లీ మొదటికి. కొందరు శిక్ష పూర్తయిన రోజు నుంచి లెక్కేసి ఇంకా ఆగుతారు, అక్కర్లేదు, టెక్సాస్‌లో లెక్క కన్విక్షన్ తేదీ నుంచి. మన దేశంలో ఆయుధాల చట్టం, 1959 నాటిది, తొమ్మిదో సెక్షన్‌లో కూడా ఐదేళ్లే ఉంది, కానీ అక్కడ హింస లేదా నైతిక పతనం ఉన్న నేరంలో జైలు శిక్ష పడి ఉండాలి, లెక్క ఆ శిక్ష ముగిసిన దగ్గర్నుంచి. కరీంనగర్‌లో ఉన్న ఆవిడ బాబాయి ఒకాయన పోలీసు శాఖలో పనిచేశారు, ఆయన ఫోన్లో చెప్పిన లెక్క ఇదే, అందుకే ఆవిడ 2025 మార్చి దాకా ఆగాలేమోనని కంగారుపడింది. రెండు చట్టాలు, రెండు లెక్కలు.

ఈసారి అరెస్టు గడి నిజంతో నింపాం. ఆ మున్సిపల్ కోర్టు నుంచి సర్టిఫైడ్ డిస్పోజిషన్, అంటే కేసు ఎలా ముగిసిందో కోర్టు ధ్రువీకరించిన కాగితం, తెప్పించి పెట్టాం. దాంతోపాటు ఆవిడ సంతకంతో ఒక పేజీ వివరణ: 2023 అప్లికేషన్‌లో అరెస్టు రాయలేదు, న్యూజెర్సీలో అది క్రైమ్ కాదని విన్నాను, రాయక్కర్లేదనుకోవడం నా పొరపాటు. నేను మొదట రాసిన డ్రాఫ్ట్ మూడు పేజీలుంది, పాప, స్కాన్, కన్నీళ్లు అన్నీ ఉన్నాయి. చదివి ఆవిడే కొట్టేసింది. "వాళ్లకి ఇదంతా ఎందుకు, అడిగింది చెబుదాం" అంది. ఆవిడ మాటే కరెక్టు.

60 రోజుల్లో తేల్చాలని చట్టం. మధ్యలో ఒకసారి ఫైను పూర్తిగా కట్టిన రసీదు అడిగారు, పంపాం. జనవరి చివర్లో కార్డు వచ్చింది. మొదటి లైసెన్స్ నాలుగేళ్లు నిండాక వచ్చే పుట్టినరోజు దాకా చెల్లుతుంది. ఆ 'నో' గురించి ఎవరూ మళ్లీ అడగలేదు. అడగరని నేను మాటివ్వలేదు, మీకూ ఇవ్వను.

ఈ కేసు విన్న ఒకాయన తర్వాత ఫోన్ చేశాడు, "నాదీ చిన్నదే, ఇంట్లో గొడవ, పోలీసులొచ్చారు, మిస్‌డిమీనరే, ఐదేళ్లయింది" అని. ఆయనకి నేను చెప్పిన జవాబు వేరు. భార్య మీదో, పిల్లల తల్లి మీదో చెయ్యి చేసుకున్న మిస్‌డిమీనర్ కన్విక్షన్‌కి ఐదేళ్ల గడువు లేదు, 1996 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం జీవితాంతం తుపాకీ ముట్టుకోకూడదు, లైసెన్స్ కాదు, ముట్టుకోవడమే నేరం. 2022లో డేటింగ్ సంబంధాలకి మాత్రం ఒక్క కన్విక్షన్ అయితే ఐదేళ్ల తర్వాత వెసులుబాటు ఇచ్చారు, పెళ్లయినవాళ్లకి లేదు. ఆయన ఇంట్లో అప్పటికే ఒక షాట్‌గన్ ఉంది. ఆ కాల్ మధ్యలో ఆపి, ముందు అది ఇంట్లోంచి చట్టప్రకారం ఎలా బయటికి పంపాలో మాట్లాడాం. తాగి నడిపిన కేసు ఒక్కటైతే క్లాస్ బి, ఐదేళ్లు. పదేళ్లలో అలాంటివి రెండైతే ఎల్‌టీసీ చట్టం మిమ్మల్ని వ్యసనపరుడిగా లెక్కేస్తుంది, అప్పుడు ఐదేళ్ల మాటే లేదు. హెచ్-1బీ మీద ఉన్న కుర్రాళ్లు కేసుల్లేకపోయినా ముందు వీసా సంగతి చూసుకోవాలి, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప తుపాకీ కొనడమే కుదరదు.

ఆవిడ 2025 వేసవిలో న్యూజెర్సీ ఎక్స్‌పంజ్‌మెంట్ పిటిషన్ వేయించింది, వ్యాపారం కోసం అద్దెకి షాపు తీసుకునేటప్పుడు బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఇది కనిపిస్తోందని. వేసే ముందు నేను ఒకటే పని చేయించాను: ఆ సర్టిఫైడ్ డిస్పోజిషన్ కాపీలు ఇంకో మూడు తీయించడం. ఒకసారి చెరిపేశాక కోర్టు క్లర్కు దగ్గర అడిగితే అలాంటి రికార్డు లేదంటారు, కానీ ఇమిగ్రేషన్ దృష్టిలో చెరిపినా కన్విక్షన్ కన్విక్షనే, 2027లో పౌరసత్వానికి ఎన్-400 ఫారం నింపేటప్పుడు ఆ 62 డాలర్ల కాగితం చూపించాల్సిందే. ఒక కాపీ నా ఫైల్‌లో ఉంది, ఒకటి ఇమిగ్రేషన్ లాయర్ దగ్గర, మూడోది నగల పెట్టెలో పెట్టుకున్నానంది.